శ్రీమతి మార్గరెట్ నైట్: మతప్రసక్తి లేని నీతిని రేడియోలో వినిపించిన విదుషి

మహాసభా సంచికయందు మహనీయుల జీవిత సంగ్రహమునకు కొన్ని పుటలు కేటాయించుట వాడుక. ఆ పుటలలో మనవారి చరిత్రలే యెక్కువగా నుండును, ఉండుటయు న్యాయమే. ఈ పర్యాయము మన కులమునకు గాని దేశమునకు గాని చెందని యొక ఆంగ్ల స్త్రీ చరిత్రను పాఠక మహాశయుల యెదుట నుంచుచున్నాను. విద్యార్థి వసతిగృహములను పోషించు దాతలును, బిడ్డలకు నడవడి నేర్పవలసిన తల్లిదండ్రులును చదువు సంచికలో ఈమెకు చోటుండుట తగును. ఏలయన, దేవునియందు నమ్మకము లేని యింట పెరుగు బిడ్డకు అబద్ధమాడరాదనియు, పరులకు హాని చేయరాదనియు ఏ యాధారముతో నేర్పవలెను? ఆ సంగతిని పదిమందికి వినబడునట్లు చెప్పుటకు అట్టి తల్లిదండ్రులకు తావుండవలదా? ఈ రెండు ప్రశ్నలను ఈమె 1955వ సంవత్సరమున బ్రిటను దేశపు రేడియోలో లేవదీసెను. ఆ దేశము కొన్ని వారములపాటు అట్టుడికినట్లుడికెను.

మార్గరెట్ 1903వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ఇంగ్లండులోని హార్ట్‌ఫర్డ్‌షైరులో జన్మించెను. పుట్టినింటి పేరు హార్సీ. ఉన్నత విద్యకై కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి గర్టన్ కళాశాలలో ప్రవేశించి 1926లో చదువు ముగించెను. గర్టన్ 1869లో స్త్రీలకై వెలసిన కళాశాల. స్త్రీలు అచ్చట చదువవచ్చును, పరీక్షలలో పురుషులను మించవచ్చును. కాని విశ్వవిద్యాలయము వారిని పురుషులతో సమానముగ పట్టభద్రులుగా గ్రహించుట 1948 వరకు జరుగలేదు. జ్ఞానము నీయ నంగీకరించి స్థానము నీయ నిరాకరించు పద్ధతి యెట్లుండునో ఆమెకు చిన్ననాడే తెలిసినది.

కేంబ్రిడ్జిలో నున్నప్పుడే ఆమె మతవిశ్వాసము సడలిపోయెను. అంతకుముందు కొంతకాలముగా సంశయములు మనసును తొలుచుచుండగా, సందేహించుటయే పాపమేమోయను భీతితో వానిని అణచుకొనుచు వచ్చెను. బెర్ట్రండ్ రస్సెల్, మెక్‌టగర్ట్ మొదలగు తత్త్వవేత్తల గ్రంథములు చదివిన పిమ్మట ఆ భీతి తొలగెను. విశ్వాసము పోయినందులకు ఆమె దుఃఖింపలేదు. మోయుచున్న బరువు దిగినట్లు ఊరట చెందినట్లు పిమ్మట తానే వ్రాసికొనెను. మతము వీడిన పిదప ఆమె నడవడిలో నేమైన లోపము గలిగినదని ఆమె శత్రువులు సైత మెన్నడును చెప్పలేదు. తరువాతి కథకు ఈ సంగతి ముఖ్యము.

1926 మొదలు పదేండ్లు లండనులోని జాతీయ పారిశ్రామిక మనస్తత్త్వ సంస్థలో గ్రంథాలయమును, పత్రికా సంపాదకత్వమును నిర్వహించెను. 1936లో రెక్స్ నైట్ అను మనస్తత్త్వశాస్త్రోపాధ్యాయుని వివాహమాడి స్కాట్లండు ఉత్తర భాగమున నున్న ఆబర్డీను నగరమునకు చేరెను. 1938 నుండి 1970 వరకు అచ్చటి విశ్వవిద్యాలయమున అదే శాస్త్రమును బోధించెను. దంపతులిద్దరును కలిసి రచించిన మనస్తత్త్వశాస్త్ర ప్రవేశ గ్రంథము 1948లో వెలువడి విద్యార్థులలో ప్రచారము గాంచెను. 1950లో విలియం జేమ్స్ రచనల నుండి ఏర్చికూర్చిన సంపుటమును వ్యాఖ్యతో ప్రకటించెను. ఈ జేమ్స్ మతానుభవమును ఆదరముతో పరిశీలించిన అమెరికా తత్త్వవేత్త. తాను నమ్మని దానిని నమ్మువారి హృదయమును గూడ ఆమె శ్రద్ధతో చదివినదనుటకు ఇది నిదర్శనము. ఏబది యేండ్లు దాటువరకు ఆమె జీవితము పాఠములు, పరీక్షాపత్రములు, గ్రంథ రచన అను వీనితో నిశ్శబ్దముగ సాగెను.

ఇక నామె ప్రవేశించిన రేడియో రంగమును గూర్చి కొంత విపులముగ చెప్పవలసి యున్నది.

బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ సంస్థ 1922లో కంపెనీగా పుట్టి, 1927 జనవరి 1వ తేదీన ప్రజాసంస్థగా మారెను. దాని ఖర్చు ప్రకటనల వలన గాక, రేడియో పెట్టె యుంచుకొను ప్రతి గృహస్థుడు చెల్లించు లైసెన్సు రుసుము వలన జరిగెడిది. మొదట ఏటికి పది షిల్లింగులు. 1946 నుండి ఒక పౌను. ఆ రుసుము చెల్లించువానిని నీ మతమేమని అడుగువారు లేరు. ఆస్తికుని షిల్లింగును నాస్తికుని షిల్లింగును ఒకే పెట్టెలో పడెడివి. అయినను నీతిని గూర్చి పలుకు అధికారము మాత్రము ఒక వర్గమునకే దక్కెను.

దీనికి కారకుడు ఆ సంస్థకు మొదటి ప్రధానాధికారియైన జాన్ రీత్. ఇతడు స్కాట్లండులో, ఆబర్డీనునకు దక్షిణముగ కొద్ది మైళ్ల దూరముననున్న స్టోన్‌హేవెన్ అను సముద్రతీరపు ఊరిలో ఒక మతాచార్యునికి జన్మించినవాడు. దృఢచిత్తుడు, దైవభీతి గలవాడు, అవినీతికి ఆమడ దూరమున నుండువాడు. రేడియో కేవల వినోద సాధనము గారాదనియు, ప్రజల శీలమును పెంపొందింపవలెననియు ఆతని సంకల్పము. ఆ సంకల్పమును ఎవరు కాదందురు? కాని శీలమనగా క్రైస్తవ శీలమే యని ఆతడు నిశ్చయించుకొనెను. 1923లోనే మతాచార్యుల సలహాసంఘ మొకటి ఏర్పడినది. ఆదివారమున చర్చి ప్రార్థనల వేళలకు రేడియో అడ్డు రాకుండ ఏర్పాటు జరిగినది. 1928 జనవరి నుండి ప్రతిదినము ప్రార్థన ప్రసారము కాజొచ్చెను. 1939లో యుద్ధము ప్రారంభమైన పిదప, ఉదయపు ఎనిమిది గంటల వార్తలకు ముందు, హృదయముల నెత్తుడని పిలుపునిచ్చు పేరుతో ఐదు నిమిషముల ప్రబోధము దేశమంతటికి వినిపింపబడెను. మన ఆకాశవాణిలో ప్రాతఃకాలమున భక్తిరంజని వినుటకు అలవాటుపడినవారికి ఆ వేళకు గల మహిమ వివరింప నక్కరలేదు. పొయ్యి మీద నీళ్లు కాగుచుండగా, బిడ్డలు బడికి సిద్ధపడుచుండగా చెవిని బడిన మాట దినమంతయు మనసున నిలుచును. కనుకనే ఆ కొద్ది నిమిషములకై అంత పోరాటము.

1938లో రీత్ వెడలిపోయినను పద్ధతి మారలేదు. 1947లో సంస్థ పాలకులు కొంత మెత్తబడి, మతవిషయములలో భిన్నాభిప్రాయములకు తావీయవచ్చునని సూత్రప్రాయముగ నంగీకరించిరి. ఆ ప్రకారము 1948 జనవరిలో బెర్ట్రండ్ రస్సెలును, కోపుల్‌స్టన్ అను జెస్విటు గురువును దేవుని యస్తిత్వమును గూర్చి రేడియోలో వాదించిరి. కాని ఆ వాదము ప్రసారమైనది థర్డు ప్రోగ్రాములో. అది 1946లో పండితుల కొరకు ప్రత్యేకముగ నేర్పడిన శాఖ, వినువారు కొద్దిమంది. దేవుడున్నాడా లేడా యని ఇద్దరు తార్కికులు రాత్రివేళ చర్చించుకొనిన ఎవరి నిద్రయు చెడలేదు. సామాన్య గృహములలో మ్రోగునది హోం సర్వీసు. అచ్చట అట్టి మాట వినబడలేదు.

శ్రీమతి నైట్ కోరినది ఆ హోం సర్వీసునే. 1944 విద్యాశాసనము ఇంగ్లండు, వేల్సులలోని ప్రభుత్వ పాఠశాలలన్నింటను దినదిన ప్రార్థనను, మతబోధను విధిగా జేసెను. తల్లిదండ్రులకు ఇష్టము లేనిచో బిడ్డను తప్పించుకొను హక్కు గలదు గాని, పదిమందిలో తన బిడ్డను వేరుగ నిలుపుటకు ఏ తల్లికి మనసొప్పును? ఇట్లు తాము నమ్మని దానిని బిడ్డలకు నేర్పించుచు, లోలోన సంకోచపడు తల్లిదండ్రులు వేలకొలది గలరనియు, వారికి సలహా చెప్పువారు లేరనియు ఆమె గ్రహించెను. ఈ విషయమై మాటలాడెదనని రేడియో సంస్థకు వ్రాసెను. వారు మొదట అంగీకరింపలేదు. ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి, పాఠము సవరింపబడినది, తుదకు ప్రసంగశాఖవారు సమ్మతించిరి. 1955 జనవరి 5వ తేదీన ఒకటి, 12వ తేదీన మరియొకటి, ఇట్లు రెండు ప్రసంగములు ఏర్పాటయ్యెను. మతము లేని నీతి అని వానికి పేరు.

ఆ ప్రసంగములలో ఆమె చెప్పినదేమి? విశ్వాసము గలవారిని తాను ఉద్దేశింపలేదని ఆమె మొదటనే స్పష్టపరచెను. విశ్వాసము సడలినను ఆ సంగతిని పైకి చెప్పలేని సామాన్య స్త్రీ పురుషులతో మాటలాడుచున్నానని చెప్పెను. సర్వశక్తిమంతుడును దయామయుడునగు సృష్టికర్త యుండగా లోకమున నిన్ని బాధలేలయను పురాతన ప్రశ్నను ఎత్తిచూపెను. అటుపిమ్మట అసలు విషయమునకు వచ్చెను. దేవుడు చూచుచున్నాడు గనుక తప్పు చేయరాదని బిడ్డకు నేర్పినచో, ఆ బిడ్డ పెరిగి దేవుడు లేడని తలచిన నాడు నీతికి గల ఒక్క ఆధారమును కూలిపోవును. నీతిని మతమునకు ముడివేయుటలో గల యపాయమిదియే. మానవుడు స్వభావముచేతనే సంఘజీవి. అతనిలో స్వార్థమెట్లు సహజమో, పరులయెడ సానుభూతియు నట్లే సహజము. ఆ సానుభూతిని పెంచుటయే నీతిశిక్షణము. అందులకు కావలసినది నరకభీతి గాదు. పసితనమున తల్లిదండ్రుల ప్రేమ, తాను కావలసినవాడనను నిశ్చింత, నిలకడగల పెంపకము. ఈ మాటలు ఆమె మనస్తత్త్వశాస్త్ర బోధకురాలిగ చెప్పినవి.

బైబిలు కథలను బిడ్డలకు చెప్పవలదని ఆమె అనలేదు. గ్రీకు పురాణ కథలవలె కథలుగ చెప్పుడనెను. దేవుని గూర్చి బిడ్డ అడిగినచో, కొందరు నమ్ముదురు, కొందరు నమ్మరు, పెద్దయైన పిమ్మట నీవే నిర్ణయించుకొనవచ్చునని నిజము చెప్పుడనెను. నమ్మని దానిని నమ్మినట్లు నటించుచు బిడ్డకు సత్యము పలుకుమని బోధించుట యెట్లు పొసగును? నాకు తోచినంతవరకు ఆమె వాదమున కెల్ల ఇదియే ప్రాణము. ఆస్తికుడైన తండ్రి సైతము దీనిని తోసివేయలేడు.

మరియొక మాటయు ఆమె అనెను. నాటి లోకమున అసలు పోరాటము క్రైస్తవమునకును కమ్యూనిజమునకును నడుమ గాదనియు, ఆ రెండును ప్రశ్నింపరాని సిద్ధాంతములే యనియు, అసలు భేదము సిద్ధాంత మూఢతకును శాస్త్రదృష్టికిని నడుమ గలదనియు వాదించెను. రష్యాతో శీతల సమరము సాగుచున్న దినములలో క్రైస్తవమును కమ్యూనిజమును ఒకే త్రాసున తూచుట అగ్గిలో నాజ్యము పోయుటయే. సలహా కొరకు వినుచున్న తల్లికి ఆ పోలికతో పని లేదు. విమర్శకులకు మాత్రము అది చేజిక్కిన ఆయుధమయ్యెను. ఈ యొక్క విషయమున ఆమె కొంత సంయమము చూపియుండిన బాగుండెడిదని నా యభిప్రాయము.

మొదటి ప్రసంగము ముగిసిన మరునాటి నుండియే పత్రికలు విజృంభించెను. సండే గ్రాఫిక్ అను వారపత్రిక ఆమె ఛాయాచిత్రమును ముద్రించి, ఆమెను అపవిత్రురాలిగ వర్ణించుచు పెద్ద యక్షరములతో శీర్షిక నుంచెను. చూచుటకు మామూలు ఇల్లాలివలె సౌమ్యముగ నున్నదని మోసపోకుడనియు, ఈమె దేశమునకు ప్రమాదకారియనియు చదువరులను హెచ్చరించెను. ఇందు గమనింపదగిన విశేషమున్నది. ఏడేండ్ల క్రితము రస్సెలు దేవుడు లేడని వాదించినప్పుడు ఏ పత్రికయు నింత గగ్గోలు పెట్టలేదు. ఆతడు ప్రభువంశీయుడు, జగద్విఖ్యాతుడు, పురుషుడు. పండితుల శాఖలో మాటలాడెను. ఈమె ఇల్లాలివలె కనబడు స్త్రీ. ఇల్లాండ్రు వినుచుండగా బిడ్డల పెంపకమును గూర్చి మాటలాడెను. నాస్తికత్వము గ్రంథాలయమున నున్నంతవరకు సహించిన పెద్దలు అది వంటింటి గడప దాటగనే ఉలికిపడిరి. పత్రికవారి కోపమునకు మూలమైనది ఆమె సౌమ్యతయే. కొమ్ములు తిరిగిన నాస్తికుని చూపి బిడ్డలను భయపెట్టవచ్చును గాని, పొరుగింటి అత్తవలె నున్న స్త్రీని చూపి ఎట్లు భయపెట్టుట?

ఆమెకు ఉత్తరములు వెల్లువలై వచ్చెను. తిట్టినవారు గలరు, ఇన్నాళ్లు తమ మనసులో నున్న మాటను ఒకరైనను బహిరంగముగ చెప్పిరిగదా యని కృతజ్ఞత తెలిపినవారును పెక్కుమంది గలరు. రేడియో సంస్థవారు వెనుకకు తగ్గలేదు. ఆ గొడవలోను రెండవ ప్రసంగమును నిర్ణీతదినమున ప్రసారము చేసిరి. ఇది వారికి భూషణము. తరువాతి వారమున మిషనరీ సేవ చేసిన శ్రీమతి జెన్నీ మోర్టన్ అను క్రైస్తవ స్త్రీతో ఆమెకు రేడియోలోనే సంవాద మేర్పాటు గావించిరి. ఇరుపక్షములు వినవలెననుట మంచిదే. కాని సంవత్సరము పొడవున ప్రతి ఉదయము పలికిన మతాచార్యులకు ఎదురుగా నాస్తికు నొకనిని కూర్చుండబెట్టి సంవాదము చేయింపవలెనని ఎవరికిని తోచకపోవుట వింత.

ఇచ్చట మనదేశపు సంగతి యొకటి స్మరణకు వచ్చుచున్నది. ఆంధ్రదేశమున గోరా యని ప్రసిద్ధులైన శ్రీ గోపరాజు రామచంద్రరావుగారు ఈమెకంటె ఒక యేడు పెద్ద, 1902లో జన్మించిరి. వారును కళాశాలలో నుపన్యాసకులే, శాస్త్రబోధకులే. నాస్తిక భావముల కారణమున 1933లో కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలలో ఉద్యోగము పోగొట్టుకొనిరి. 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. వారికి రేడియో లేదు, పల్లెలే వేదికలు. శ్రీమతి నైట్‌కు రేడియో దొరికినది, ఉద్యోగమును నిలిచినది. ప్రసంగముల పిమ్మట మరి పదునైదేండ్లు ఆమె ఆబర్డీనులో పాఠములు చెప్పుచునే యుండెను. ఎన్ని నిందలు మోసినను అన్నము పోలేదు. విశ్వవిద్యాలయములకు గల స్వాతంత్ర్యమున కింతకంటె మెచ్చుకోలు వేరొకటి లేదు.

అదే యేడు ఆ ప్రసంగములు మరికొన్ని వ్యాసములతో గ్రంథరూపము దాల్చెను. 1961లో ఆమె మానవతావాద రచనల సంకలనము నొకదానిని కూర్చెను. చీనా ఋషితుల్యుడగు కన్ఫ్యూషియస్ మొదలు రస్సెలు వరకు, దైవభీతిపై నాధారపడని నీతిని చెప్పిన పలువురు అందు గలరు. 1955లో ఆమెను దేశమునకు కొత్త ప్రమాదమని వర్ణించినవారికి ఇంతకంటె మంచి ప్రత్యుత్తర ముండదు. ఆమె చెప్పినది రెండువేల యేండ్లకు పైబడిన మాట. 1963లో భర్త గతించెను. ఉద్యోగ విరమణానంతరము 1974లో ప్రకటించిన గ్రంథమున క్రైస్తవమును మునుపటికంటె కఠినముగ విమర్శించెను. అందు పాండిత్య మెక్కువ. 1955 నాటి సౌమ్యత తక్కువ. వాదమున గెలుపు కోరువారికి ఆ గ్రంథము నచ్చును. బిడ్డను ఒడిలో నుంచుకొని ఏమి చెప్పుదునా యని యోచించు తల్లికి మాత్రము ఆ మొదటి రెండు ప్రసంగములే ఉపయోగపడును.

1983 మే నెలలో శ్రీమతి నైట్ ఆబర్డీనులో పరమపదించినదని వ్రాయబోయి, ఆ పదము ఆమెకు సమ్మతము గాదని తోచి, కన్నుమూసినదని వ్రాయుచున్నాను.

ఆమె తెరచిన తలుపు పూర్తిగ తెరచుకొనలేదు. ఉదయపు ప్రబోధము 1965లో పేరు మార్చుకొనెను. 1970 నుండి దినమున కొక తలపు అను నర్థమిచ్చు పేరుతో, వార్తల నడుమ మూడు నిమిషములకు మించని ప్రసంగముగ సాగెను. కాలక్రమమున క్రైస్తవులతోబాటు యూదులు, మహమ్మదీయులు, హిందువులు, సిక్కులు, బౌద్ధులు అందు మాటలాడిరి. ఇది సామాన్యమైన మార్పు గాదు. రీత్ కాలమున ఊహింపరానిది. మతము లేనివారికి మాత్రము చోటు దొరకలేదు. 2002లో నూరుమందికి పైబడిన ప్రముఖులు చేవ్రాళ్లు చేసి అభ్యంతరము తెలిపిరి. ఆ యేటి ఆగస్టులో రిచర్డ్ డాకిన్స్ అను జీవశాస్త్రజ్ఞునికి ఒకనాడు అదే వార్తాకార్యక్రమమున మాటలాడ నవకాశ మిచ్చిరి. కాని ఆ ప్రసంగమునకు కేటాయించిన వేళలో గాదు, వేరొక వేళలో.

ఇందు మతపక్షమువారి వాదమును గూడ చెప్పుట ధర్మము. దినమంతయు ప్రసారమగు వార్తలు, చర్చలు, నాటకములు మతప్రసక్తి లేకయే సాగుచుండగా, విశ్వాసదృష్టితో లోకమును చూచుటకు మూడు నిమిషములు ప్రత్యేకించుట అన్యాయమా యని వారి ప్రశ్న. ఆ మూడు నిమిషములు పూజకో భజనకో వినియోగపడినచో ఈ వాదమునకు తిరుగులేదు. కోవెలలో మంత్రము చదువుటకు నమ్మనివాడు పోటీపడడు. కాని అచ్చట వినబడునది పూజ గాదు. యుద్ధము, దారిద్ర్యము, వార్ధక్యము, పొరుగువానియెడ ప్రవర్తన, ఇవియే విషయములు. వీనిని గూర్చి ఆలోచించు అధికారము విశ్వాసము గలవారికే యున్నదని ఆ యేర్పాటు ప్రతిదినము నోరు విప్పకయే చెప్పుచున్నట్లగును. శ్రీమతి నైట్ 1955లో నడిగినది దీనినే. 2009 నవంబరులో ఆ సంస్థ పాలకమండలి ఫిర్యాదులను విచారించి, మతము లేనివారిని ఆ ప్రసంగములో చేర్చకుండుట నిష్పాక్షికతా నియమమునకు భంగము గాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఇచ్చిన పాలకమండలి 2017లో రద్దయి, దాని పర్యవేక్షణాధికారములు సంస్థకు వెలుపలనున్న వేరొక కార్యాలయమునకు సంక్రమించెను.